కునుకుశాల వసారా

గవ్వలపేటలో మధ్యాహ్నం అంటే ఊరు ఊరంతా గుర్రు పెట్టే వేళ. తెల్లారకముందే సముద్రం మీదకి వెళ్ళిన మగవాళ్ళు పొద్దెక్కేసరికి ఒడ్డుకి చేరి, వలలు దులిపి, చేపల్ని ఆడవాళ్ళ తట్టల్లోకి ఎత్తి, ఇంత అన్నం తిని, ఎక్కడ నీడ దొరికితే అక్కడ వాలిపోతారు. పడవ నీడ, గోడ నీడ, ఆరేసిన వల నీడ. ఆ వేళ కాకులు కూడా గొంతు తగ్గించుకుని అరుస్తాయని ఊళ్ళో ఒక నమ్మకం. భీమిలికి ఎగువన ఉన్న ఈ చిన్న ఊరిని డాక్టర్ వేదాచలం వెతుక్కుంటూ వచ్చింది చేపల కోసం కాదు, ఆ నిద్ర కోసం.

తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో ముందుగా చెప్పడం ఆయన పని. యంత్రాలు ఎంత పెద్దవైనా గాలి మలుపు తిరిగే చోటికి వచ్చేసరికి తడబడేవి. పుట్టినప్పటినుంచి గాలిని చూస్తూ బతికినవాడి మెదడు మాత్రం, అదీ నిద్రలో ఉన్నప్పుడు, ఆ మలుపుని ఒక్క ఊపిరిలో తేల్చేస్తుందని ఆయన కనిపెట్టాడు. జుట్టుకంటే సన్నని తీగల్ని తలపాగా గుడ్డలో కలిపి నేయించాడు. ఊరి చివర సరుగుడు తోట పక్కన పొడుగాటి హాలు కట్టించి, నులక మంచాలు వేయించాడు. బయట బోర్డు మీద ఏదో బారెడు పేరు రాశారు గానీ ఊరివాళ్ళు దాన్ని కునుకుశాల అన్నారు, ఆ పేరే నిలిచింది.

మగవాళ్ళు వచ్చేవారు, తలగుడ్డ చుట్టుకునేవారు, పడుకునేవారు. గాలి లెక్కని ముక్కలు ముక్కలుగా కోసి, తలకో ముక్క చొప్పున పంచేవారు. పడుకున్నవాళ్ళకి కలలో ఎక్కడో తెరచాప ఊగినట్టు ఉండేది, అంతే. లేచేసరికి జవాబులు వెళ్ళిపోయి ఉండేవి. బదులుగా గాలి కబురు అందరికంటే ముందు ఆ ఊరికే చేరేది. కునుకుశాల వచ్చాక ఆ తీరాన ఒక్క పడవ కూడా పోలేదు. ఊరు ఆ తలగుడ్డని ప్రసాదంలా కళ్ళకద్దుకుందంటే అద్దుకోదా మరి.

ఆ కునుకుల్ని కొలిచే మనిషి మైలపల్లి నూకరత్నం. ఆ ఊరి పిల్లే. విశాఖపట్నంలో కంప్యూటర్లు చదువుకుని, పెద్ద పెద్ద యంత్రాలు ఎంత బరువు మొయ్యగలవో, పండగ రద్దీకి, పరీక్షల రద్దీకి ఎంత సిద్ధం చేసి ఉంచాలో లెక్క కట్టే పని నేర్చుకుంది. ఇప్పుడు యంత్రాల బదులు మనుషులు, అంతే తేడా అనుకుంది. ఎంత పని ఇస్తే ఎంతసేపట్లో జవాబు వస్తోందో చూడాలి. బస్సులో సీట్లు నిండేదాకా ఎక్కినవాడు ఎక్కినట్టే కూర్చుంటాడు. నిండాక ఒక్కడు ఎక్కినా అందరూ జరగాలి, అందరూ తిట్టుకోవాలి. ఆ ఒక్కడు ఎక్కకముందే తలుపు వెయ్యమని చెప్పడమే నూకరత్నం ఉద్యోగం.

ఆ ఉద్యోగం ఆమెకి ఒక జబ్బు కూడా అంటించింది. ఖాళీగా ఉన్నదాన్ని చూస్తూ ఊరుకోలేకపోయేది. ఇంట్లో ఒక పొయ్యి మీద కూర ఉడుకుతుంటే రెండో పొయ్యి ఊరికే ఉందని నీళ్ళు పెట్టేది. పెళ్ళికి వెళ్తే వధూవరుల కంటే ముందు ఖాళీ కుర్చీలు కనపడేవి. ఆమె మొగుడు ఎల్లాజీ పడవ మనిషి. ఆఫీసు పెళ్ళాం, వేట మొగుడు అని ఊరంతా వేళాకోళం చేసేది గానీ, ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. అతను భోంచేసి గుమ్మంలో ఊరికే కూర్చుని సముద్రాన్ని చూస్తుంటే, "ఊరికే కూకునే బదులు కునుకుశాలకి బేగి ఎల్లరాదా" అనేది. అతను నవ్వి లేచి వెళ్ళేవాడు, ఊళ్ళో అందరికంటే ఎక్కువ కునుకులు అతనివే.

నిద్రపోయే మెదడులో ఆమె కొలమానానికి మూడు భాగాలు కనపడ్డాయి. ఊపిరినీ గుండెనీ నడిపేది ఒకటి, దాని జోలికి పోకూడదు. కలలు కనేది ఒకటి, దానికి కొంచెం పని చెప్పవచ్చు. మూడోది ఉంది, దానికి ఏ పని ఇచ్చినా క్షణం ఆలస్యం లేకుండా జవాబు తిరిగొచ్చేది. ఆలస్యం లేదంటే అక్కడ వేరే పని లేదనేగా అర్థం. నూకరత్నం దాన్ని తెర మీద ఆకుపచ్చ రంగులో చూపించి, ఖాళీ అని పేరు పెట్టింది. వేదాచలం గారికి ఆ ఆకుపచ్చ ఎంత నచ్చిందంటే, గాలి లెక్కలో సగం తెచ్చి అందులోనే పోయించాడు.

మరొక సంగతి కూడా ఉంది, అప్పట్లో ఎవరూ దాన్ని సంగతి అనుకోలేదు. తలల నుంచి వచ్చిన జవాబులు బయటికి వెళ్ళేముందు కాసేపు ఆగే చోటు ఒకటి యంత్రంలో ఉంది. దాన్ని వసారా అనేవారు. ఆ వసారా ఉండాల్సిన దానికంటే ఎక్కువగా నిండుతోంది. జవాబులు వెళ్ళిపోయాక కూడా అందులో ఏదో మిగిలిపోతోంది. అదేమిటని అడగాలి కదా? ఆ పని చేసేవాళ్ళు అడగరు. నిండుతోందంటే జాగా పెంచాలి, అంతే వాళ్ళకి తెలిసింది. నూకరత్నం వసారాని ఒకసారి పెంచింది. మళ్ళీ నిండితే మళ్ళీ పెంచింది.

ఒకరోజు ఎల్లాజీ వల ఖాళీగా వచ్చింది.

"ఏటి మావా, అందరికీ వంజరం పడితే నీకు నెత్తళ్ళు కూడా పడనేదా?" అంది నూకరత్నం.

ఎల్లాజీ కాళ్ళు కడుక్కుంటూ ఆగిపోయాడు. "కొండ కనపడింది రత్నం. దాన్ని దేంతో కలపాలో గుర్తు రానేదు."

నీళ్ళ అడుగున రాతి దిబ్బలు ఉంటాయి, చేపలు అక్కడ చేరతాయి. పైనుంచి చూస్తే అన్నీ నీళ్ళే. ఒడ్డు మీద కనపడే రెండు గుర్తుల్ని, కొండనీ దీపస్తంభాన్నీ, లేకపోతే గుడి గోపురాన్నీ తాటితోపునీ, ఒకదాని వెనక ఒకటి వచ్చేలా పడవని నడిపి ఆ చోటు పట్టుకుంటారు. ఎల్లాజీకి అలాంటి జతలు ఎన్ని తెలుసో అతనికే తెలీదు. తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్నవి, ఒంటికి పట్టినవి. అలాంటిది గుర్తు రాలేదంటే నూకరత్నం నమ్మలేదు. ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చింది.

ఆ తరవాత కొన్నాళ్ళకి ఇద్దరూ కలిసి ఒడ్డు వెంట కునుకుశాలకి నడుస్తున్నారు. ఇసుక కాలుతోంది, ఇద్దరూ తడి అంచున నడుస్తున్నారు. ఎల్లాజీ ఉన్నట్టుండి ఆగాడు.

"ఆ సప్పుడేటి?"

"ఏ సప్పుడు?"

"అదే. వొస్తంది, ఎల్లిపోతంది. మళ్ళీ వొస్తంది."

నూకరత్నం చెవులు రిక్కించి వింది. సరుగుడు చెట్లు కదలడం లేదు. దూరంగా కూడా ఏ మోటారూ లేదు. అప్పుడు అర్థమైంది, అతను అడిగింది అలల గురించి. సముద్రం పక్కన పుట్టినవాడికి ఆ చప్పుడు వినపడదు, అది ఎప్పుడూ ఉండేదే కాబట్టి. వినపడుతోందంటే అతనికి సముద్రం కొత్తదైపోయింది.

"సముద్రం మావా," అంది మెల్లగా.

"ఓహో," అన్నాడు అతను, మర్యాదగా, ఊరి పేరు చెప్పినవాడికి బదులిచ్చినట్టు.

ఆ మధ్యాహ్నం ఆమె ఎల్లాజీ తలగుడ్డకి పని ఇవ్వలేదు. అతను మిగతావాళ్ళ మధ్య మామూలుగానే నిద్రపోయాడు. ఆమె తెర ముందు కూర్చుని చూసింది. అతని వైపు నుంచి వసారాలోకి చేరే ఆ మిగులు ఆవేళ చేరలేదు. పని ఇచ్చిన మిగతావాళ్ళది చేరింది. గాలి లెక్క తీసేసి, అలా చేరినదాన్ని మాత్రం గీతగా గీయించింది. గీత పైకి లేచి, కిందికి దిగి, మళ్ళీ లేచింది. ఆ లేవడం దిగడం ఆమెకి ఎక్కడో చూసినట్టే ఉంది. ఆటుపోట్ల పట్టిక పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకే గీత.

అప్పుడు తెలిసింది ఆమెకి. నిద్రలో మనిషి ఆనాటి సముద్రాన్ని లోపల సర్దుకుంటాడు. నిన్నటి దాని మీద ఇవాళ్టిది, నాన్న చెప్పినదాని పక్కన తను చూసినది. పాతవి కూడా తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకుంటాడు. ఆ పని జరిగే చోటే ఆకుపచ్చ. మరి ఖాళీ అని ఎందుకు కనపడింది? ఇంటికి చుట్టం వస్తే ఇంటివాడు తన కంచం ముందునుంచి లేచి చుట్టాన్ని కూర్చోబెడతాడు. చుట్టం వెళ్ళి, వాళ్ళింట్లో ఎప్పుడూ ఒక పీట ఖాళీగానే ఉంటుందని చెప్పుకుంటాడు. ఈ మెదళ్ళు చేసింది అదే. గాలి లెక్క గుమ్మంలోకి రాగానే తమ సముద్రాన్ని ఎత్తి వసారాలో పెట్టి, చుట్టానికి చోటిచ్చాయి. ఆమె ఆ చోటుని కొలిచింది, ఆ మర్యాదని కొలవలేదు.

"తిరిగి పంపించేద్దాం," అన్నాడు వేదాచలం గారు, ఆమె చెప్పిందంతా విని. చెడ్డ మనిషి కాదు ఆయన, ముఖం పాలిపోయింది. "వసారాలో ఉంది కదా, ఎవరిది వాళ్ళకి పంపించేద్దాం."

పంపించి చూశారు, ఎల్లాజీకే ముందు. అతని మెదడు దాన్ని కూడా గాలి లెక్కే అనుకుని, మర్యాదగా అందుకుని, జవాబులా తిరిగి వసారాలో పెట్టేసింది. ఇన్నాళ్ళుగా అలవాటైన దారి, అది బయటికే తెరుచుకుంటుంది. ఎల్లాజీ లేచి తలపోటు అని, వాంతి చేసుకున్నాడు. "ఏటో సల్లగా తగిలి ఎల్లిపోయింది," అన్నాడు. నూకరత్నం అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది. అతను ఆమె వీపు నిమిరాడు.

వేదాచలం గారు కునుకుశాలని కొన్నాళ్ళు ఆపేద్దామని ఒప్పుకున్నాడు. ఆపేవాడే, ఈలోగా బంగాళాఖాతం నడిమధ్యన అల్పపీడనం ముడి వేసుకుంది.

ఆకాశం పసుపు రంగుకి తిరిగిన మధ్యాహ్నం అది. గాలి లేదు, ఉక్క. తుఫాను ఉత్తరాన కళింగపట్నం వైపు పోతుందో, ఇక్కడే నెత్తి మీద దిగుతుందో తేలడం లేదు. ఉన్న బస్సులు, లారీలు ఒక వైపు జనాన్ని తరలించడానికే సరిపోతాయి. ఏ వైపు అన్నది సాయంత్రంలోగా చెప్పాలి. మగవాళ్ళు పిలవకుండానే వచ్చి పడుకున్నారు. ఎల్లాజీ కూడా వచ్చాడు. వద్దని నూకరత్నం చెయ్యి పట్టుకుంటే, "మనుసులు పోతారంటన్నారు గదే. నాకింకా ఏటుంది పోడానికి?" అన్నాడు. ఉంది, కొంచెం మిగిలి ఉంది, అది ఆమెకి తెలుసు. చేపల పేర్లున్నాయి. వల ముడి వెయ్యడం చేతివేళ్ళకి ఇంకా తెలుసు.

జవాబులు నెమ్మదించాయి. తెర మీద ఆలస్యాన్ని చూపే గీత వంపు తిరిగి నిటారుగా లేచింది. వసారా అంచులదాకా నిండిపోయింది, వచ్చిన జవాబుకి నిలబడే చోటు లేదు. కొత్త జాగా తెప్పించే వ్యవధి లేదు.

"వసారా తుడిచెయ్యాలి రత్నం," అన్నాడు వేదాచలం గారు. "తుడిచేసి, తలల మీద బరువు పెంచాలి."

"అందులో ఉన్నది చెత్త కాదు సార్."

"తెలుసమ్మా. చెత్తే అయితే నేనే నొక్కేసేవాణ్ణి. నిన్ను అడిగేవాణ్ణి కాదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తుడిస్తే ఎల్లాజీ సముద్రం ఇక ఈ లోకంలో ఎక్కడా ఉండదు. అతనిదే కాదు, ఆ మంచాల మీద ఉన్న ప్రతివాడిదీ. తుడవకపోతే ఏదో ఒక ఊరు, పేరు తెలియని ఊరు, నిద్రలో ఉండగానే గాలి వచ్చి మీద పడుతుంది. నూకరత్నం బయటికి వచ్చి నిలబడింది.

సరుగుడు తోటలోంచి ఆడవాళ్ళు వస్తున్నారు, తట్టలు ఖాళీ. తుఫాను అనగానే బజారు మూసేశారట. ముందు నడుస్తున్నది పోలమ్మ, ఎల్లాజీ అక్క. మొగుడు పోయినప్పటినుంచి ఆ ఊరి ఆడవాళ్ళందరికీ ఆవిడే నోరు.

"ఏటే మరదలా, అలగ నిలబడిపోనావు? తమ్ముడికేటైంది?"

నూకరత్నం చెప్పింది. తెలిసిన మాటల్లో, తోచిన వరసలో చెప్పింది. పోలమ్మ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు, అదే వింత.

"అయితే సామాను పెట్టుకోడానికి సోటు నేదు, అంతేనా?" అంది చివరికి. "ఇంట్లో సోటు నేకపోతే పక్కింట్లో పెట్టుకోరేటి? మా తలకాయలు ఖాళీగా ఉన్నాయని మొగోళ్ళు రోజూ అంటానే ఉంటారు గదా. ఇన్నాళ్ళకి పనికొచ్చినాయి."

"మీరు పగలు తొంగోరు గదా వదినా."

"తొంగోము. తొంగోలేక కాదు. ఆడది పగలు కునుకు తీస్తే ఇంట్లో లచ్చిమి ఎల్లిపోద్దని మా అత్త అనీది. ఇప్పుడు గాలొస్తే ఇల్లే ఎల్లిపోద్ది."

నూకరత్నానికి తన లెక్కలో తప్పు అప్పుడు కనపడింది. ఊరు ఎంత మొయ్యగలదో ఆమె కొలిచింది. పగలు నిద్రపోయేవాళ్ళనే కొలిచింది. ఊళ్ళో సగంమందిని, ఎండలో తట్ట మోసే ప్రతి ఆడమనిషినీ, తనని తాను కూడా, లెక్కలోనే వేసుకోలేదు. వీళ్ళ మెదళ్ళకి గాలి లెక్క అలవాటు లేదు. చుట్టానికి లేచి చోటివ్వడం నేర్చుకోలేదు. లోపలికి వచ్చింది తమదే అనుకుని దాచుకుంటాయి.

"ఏమవుతాదో నాకు తెలీదు వదినా. ఒకసారి లోపలికెల్తే మళ్ళీ తియ్యడం కుదరదేమో."

"తియ్యడం ఎందుకు? ఎవుల మొగుడిది ఆల్ల దగ్గిరుంటాది. నాకంటే మొగుడు నేడు. మిగిలిపోయినోడిది ఎవుడిదో ఒకడిది ఇయ్యి."

మంచాలు చాలక చాపలు పరిచారు. ఉతికి ఆరేసిన తలగుడ్డలు, పాతబడి పక్కన పెట్టినవి, అన్నీ తెచ్చి ఆడవాళ్ళ తలలకి చుట్టారు. పూలు తియ్యాలా అని ఒకావిడ అడిగితే వద్దంది నూకరత్నం. తను వెళ్ళి ఎల్లాజీ మంచం పక్కన చాప మీద కూర్చుంది.

"నువ్వు కూడానా?" అన్నాడు వేదాచలం గారు. "తెర ఎవరు చూస్తారు?"

"మీరు చూడండి సార్. ఆ గీత కిందికి దిగితే చాలు, నన్ను లేపకండి."

పగటి నిద్ర ఎలా వస్తుందో ఆమెకి తెలీదు. ఎండ కంటి రెప్పల మీద ఎర్రగా ఉంది. చుట్టూ ఊపిరులు లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఎవరి గాజులో ఒకసారి గలగలమని ఆగాయి. తరవాత ఆ ఎరుపు నీలమైంది, నీలం లోతైంది.

చేతులు చల్లగా ఉన్నాయి. అవి పెద్ద చేతులు, తాడు ఒరిపిడికి కాయలు కాచినవి. కింద పడవ కాదు, పడవ కింద ఉన్న నీటి బరువు తగులుతోంది. తెడ్డు వేసినచోటల్లా నీళ్ళు వెలుగుతున్నాయి, ఎవరో అడుగున దీపాలు పట్టుకు నడుస్తున్నట్టు. వెనకనుంచి ఒక ముసలి గొంతు, "నీళ్ళని కాదురా, కొండని సూడు," అంటోంది. చూస్తే కొండ నడుస్తోంది. మెల్లగా నడిచివచ్చి దీపస్తంభం వెనక నిలబడింది. నిలబడగానే ఒంట్లో ఎక్కడో, బొడ్డు దగ్గర, ఇక్కడే అన్నది తెలిసింది. కొండ మళ్ళీ కదిలి తాటితోపు దగ్గరికి పోయింది. ఇక్కడ కూడా. ఇంకా ఎన్నో చోట్లు. వర్షం నీళ్ళ మీద నడిచివస్తోంది, దాని వాసన ముందే వచ్చింది. పెద్ద చేప ఒకటి పడవ పక్కన లేచి, తీరిగ్గా ఆమెని చూసి, మునిగిపోయింది. ఆమెకి భయం వెయ్యలేదు. ఆ కన్ను తనకి ఎప్పటినుంచో తెలుసు.

లేచేసరికి హాల్లో దీపాలు వేసి ఉన్నాయి. వేదాచలం గారు ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాడు. కళింగపట్నం వైపే, అంటున్నాడు, బస్సులు అటు పంపండి, ఇంక అనుమానం లేదు. వసారా ఖాళీ అయ్యాక జవాబులు పరుగెత్తుకుంటూ వచ్చాయట. మగవాళ్ళ మీద బరువు పెంచాల్సిన అవసరమే రాలేదట.

మర్నాడు తుఫాను అటే దిగింది. ఇళ్ళు పడ్డాయి, చెట్లు పడ్డాయి, మనుషులు మాత్రం అక్కడ లేరు. గవ్వలపేటలో కప్పులు లేచిపోయాయి, పడవలు దక్కాయి.

తరవాత ఊరు కొంచెం తికమకగా ఉండేది. పోలమ్మకి దక్కింది పెళ్ళి కాని దానయ్య సముద్రం. వాడి నోట్లోని తిట్లు కూడా దాంతో వచ్చేశాయి, ఆవిడ బేరాలాడేటప్పుడు బజారు చెవులు మూసుకునేది. నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒడ్డున కూర్చుని, మేఘం చూసి ఒకేసారి, "రేపు కడలి బాగోదు," అనేవారు. మొగుళ్ళు పక్కన కూర్చుని వినేవారు, చిన్నపిల్లల్లా. కొందరికి ఆ వినడం కష్టంగా ఉండేది, లేచి వెళ్ళిపోయేవారు. ఎవరూ ఎవరినీ ఓదార్చలేకపోయారు. పోయింది పోయిందే, అది పక్కనే ఉన్నా సరే.

వేదాచలం గారు కునుకుశాలని మళ్ళీ తెరిచాడు, నూకరత్నం గీసిన గీతలోపలే. ఆడవాళ్ళూ మగవాళ్ళూ వంతులవారీగా, తలకి కొంచెం కొంచెం పని. ఆకుపచ్చ జోలికి పోయేది లేదు.

"ఖాళీ అన్న పేరు తీసేశావు. మరి దీనికి ఏం పేరు పెడదాం?" అని అడిగాడు ఆయన తెర చూపిస్తూ.

"పేరెందుకు సార్. పని పెట్టకుండా ఉంటే చాలు."

ఎల్లాజీకి తలగుడ్డ మళ్ళీ చుట్టనివ్వలేదు ఆమె. అతను రోజూ మధ్యాహ్నం గుమ్మంలో కూర్చుని సముద్రాన్ని చూసేవాడు. ఆమె వచ్చి పక్కన ఊరికే కూర్చునేది. వేటకి మాత్రం వెళ్ళడం లేదు. ఎక్కడికి వెళ్ళాలో తెలీనివాడు ఏం వెళ్తాడు? వల దండెం మీదే ఎండిపోతోంది. ఆ వలని చూసినప్పుడల్లా నూకరత్నం అరచేతులు దురద పెట్టేవి.

ఒకరోజు ఆమె లేచి, చీర బిగించి, "పద మావా," అంది.

"యాడికి?"

"దిబ్బ మీదకి. నాను సెప్తాను, నువ్వు నడుపు."

ఆ తీరాన ఆడది పడవ ఎక్కదు. పడవకి పసుపు రాస్తుంది, కుంకుమ పెడుతుంది, ఎదురెళ్ళి చేపలు ఎత్తుకుంటుంది, కాలు మాత్రం పెట్టదు. పెద్దలు నలుగురు లేచి అదేమిటని అనబోయారు. పోలమ్మ దానయ్య నోటితో ఒక్క మాట అంది. పెద్దలు మళ్ళీ కూర్చున్నారు.

పడవ అలలు దాటేదాకా నూకరత్నం గుండె దడదడలాడింది. దాటాక ఒక్కసారిగా నెమ్మదించింది, ఇంటికి వచ్చినట్టు. "కొండ సూడు మావా. అది దీపస్తంభం ఎనక్కి రావాలి. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆగు." బొడ్డు దగ్గర ఆ తెలియడం తెలిసింది. వల వేశారు. ఎల్లాజీ చేతులు వాటంతట అవే పనిచేస్తున్నాయి, అతను వాటిని ఆశ్చర్యంగా చూసుకుంటున్నాడు. మీ అయ్య ఇక్కడే నీకు మొదటిసారి తెడ్డు ఇచ్చాడని చెప్పింది. ఆవేళ వాన పడిందని, ఇద్దరూ ఒకే గోనె కప్పుకున్నారని చెప్పింది. అతను నోరు తెరుచుకుని విన్నాడు.

"నానప్పుడు బయపడ్డానా?"

"నేదు. నవ్వినావు."

వల బరువుగా లేచింది. చందువలు వెండి పళ్ళాల్లా వచ్చి పడ్డాయి. ఎల్లాజీ నవ్వాడు, చాలా రోజులకి.

తిరుగు ప్రయాణంలో ఎండ ఎదర నుంచి కొడుతోంది. ఒడ్డు ఒక తెల్లటి గీత. ఆ గీతలో అంతా రాళ్ళే, పడవ దూరే దారి ఒక్కటే. ఎల్లాజీ చుక్కాని పట్టుకుని, "దిబ్బకి కొండ గుర్తు. మరి ఒడ్డుకి ఏది గుర్తు?" అన్నాడు.

నూకరత్నం లోపల వెతుక్కుంది. అది అక్కడ ఉంది, అన్నిటికంటే అడుగున, ఎక్కువసార్లు తీసి దులిపి మళ్ళీ పెట్టుకున్నది. తెల్లటి గీత మీద ఒక మనిషి. ఇంత దూరంనుంచి ముఖం తెలీదు. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడ్డ తీరు మాత్రం తెలుస్తోంది. కొత్తగా పెళ్ళయినప్పుడు ఆమె రోజూ అలా వచ్చి నిలబడేది, అతను ఎప్పుడొస్తాడా అని. ఉద్యోగం వచ్చాక మానేసింది. ఊరికే నిలబడటం ఎందుకని. మానేశాక కూడా అతను ఆ చోటునే చూసుకుంటూ, అక్కడ ఆమె ఉన్నట్టే, రాళ్ళ మధ్యనుంచి రోజూ ఇంటికి వచ్చాడు.



"ఏటే, మాటాడవు?"

"నాను మావా," అంది. "గుర్తు నానే."

ఎల్లాజీ ఖాళీ ఒడ్డుని చూశాడు. ఆమెని చూశాడు. మళ్ళీ ఒడ్డుని చూశాడు.

"మరి నువ్విక్కడ కూకున్నావు గదే," అన్నాడు.

ఆమె చేపల మధ్యనుంచి జరిగి వచ్చి అతని పక్కన కూర్చుంది. చుక్కాని మీద ఉన్న అతని చేతి మీద చెయ్యి వేసి, రెండు చేతుల బలంతో పడవని ఒకప్పుడు తను నిలబడే చోటుకేసి తిప్పింది.